ఫుల్ ట్యాంకు పందెం

ఫోను మోగినప్పుడు చిన్నకోడలు గాజు కొట్టులో నిలువుటద్దం తుడుస్తూ, అందులో వెనకాల కనిపిస్తున్న మొగుణ్ని చూసుకుంటోంది. అతను కోత బల్ల మీద వంగి వజ్రపు ముల్లుతో గాజు మీద గీత గీస్తున్నాడు. గీసేటప్పుడు ఊపిరి బిగబడతాడు. గీత సాంతం అయ్యాక గాజుకి థాంక్స్ చెబుతున్నట్టు చిన్నగా తలూపుతాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ తలూపుడు చూస్తూనే ఉంది, ఇంకా తనివి తీరలేదు.

ఫోనులో కొత్తగా కడుతున్న ఆస్పత్రి ఇంజనీరు. కిటికీలు, గదుల మధ్య అడ్డాలు, బాత్రూముల అద్దాలు, మొత్తం గాజు పనంతా మీకే ఇస్తున్నాం, మొదటి లోడు వచ్చేవారం దింపండి అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి సంతోషం పట్టలేక చేతిలో గుడ్డ గాల్లోకి ఎగరేసింది. అది వెళ్లి మామగారి నెత్తిన పడింది. మామగారు నవ్వారు. ఆ వారం మొత్తంలో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

కొట్టు వెనకే ఇల్లు. పెద్దకోడలు పురిటికి పుట్టింటికి వెళ్లింది, అత్తగారే టీ పెట్టి తెచ్చింది. మామగారు, పెద్దకొడుకు, చిన్నకొడుకు, చిన్నకోడలు నలుగురూ కోత బల్ల చుట్టూ నిలబడి తాగారు. గ్లాసులు సగం కూడా ఖాళీ కాలేదు, పెద్దకొడుకు నోరు జారాడు.

"ఇంత పనికి మన ముసలి బండి ఒక్కటీ చాలదు నాన్నా. కొత్త పికప్ ఒకటి కొనాలి. ఈసారి పెట్రోలుది తీసుకుందాం."

మామగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి గాజు పలకలు గల్లుమన్నాయి.

మామగారిది డీజిలు మతం. బజారులో ఆయన్ని అందరూ 'లీటరుకెంత' అని పిలుస్తారు. ఎవరు కొత్త బండి కొన్నా రంగు చూడరు, ధర అడగరు, లీటరుకి ఎంతిస్తోంది అని మాత్రం అడుగుతారు. పరామర్శకి వెళ్లిన చోట కూడా, పోయినాయన బండి లీటరుకెంత ఇచ్చేదని అడిగారని చెప్పుకుంటారు. పెద్దకొడుక్కి 'సైలెంటు' అని పేరు. పెట్రోలు ఇంజను ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వర్ణించడం మొదలుపెడితే ఎదుటివాడు పారిపోయేదాకా ఆపడు కాబట్టి ఆ పేరు.

ఇద్దరూ ఇద్దరే. మామగారు, డీజిలు లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువిస్తుందనీ, బరువు లాగడంలో దానికి తిరుగులేదనీ, పెట్రోలు బండి గాజు లోడెక్కిస్తే తాగుబోతులా ట్యాంకు ఖాళీ చేసి మూలుగుతుందనీ అన్నారు. పెద్దకొడుకు, డీజిలు బండి కొనేటప్పుడే బోలెడు ఎక్కువ పోయాలనీ, సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ జేబుకి చిల్లేననీ, ఆ తేడా రాబట్టాలంటే చక్రాలరిగేలా తిరగాలనీ అన్నాడు. కొట్టు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి కొట్టుకి తిరిగే బండికి ఇంజను వేడెక్కే లోపే దిగే చోటు వచ్చేస్తుంది. ఇప్పటి డీజిలు బండ్లలో పొగ మసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. దూరం పరిగెత్తితేనే ఆ మసి కాలుతుంది. ఊళ్లోనే తిప్పితే పూడుకుపోయి, మీటరు దగ్గర ఎర్రలైటు వెలిగి, బండి మెకానిక్కు ఇంట్లో కాపురం పెడుతుంది.

"మీ డీజిలుకి దగ్గు జబ్బు నాన్నా. ఊళ్లో గాలి దానికి పడదు."

"దగ్గేవాడైనా పని చేస్తాడు. నీలా నీడలో కూర్చుని కబుర్లు చెప్పడు."

చిన్నకోడలికి ఇదంతా మొదట్లో సరదాగానే ఉంది. కామర్సు చదివిన పిల్ల. ఇద్దరి వాదనల్లోనూ నిజముందనీ, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్న దాని మీదే తీర్పంతా ఉంటుందనీ ఆమెకి చప్పున తట్టింది. తిరుగుడు తక్కువైతే పెట్రోలు, ఎక్కువైతే డీజిలు. ఆ మాటే పైకి అంది. అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఎందుకంటే మామగారు ఆ మాటని అమాంతం అందుకున్నారు.

"చూశారా, చదువుకున్న పిల్ల చెప్పింది. తిరుగుడు ఎక్కువ కావాలి, అంతేగా? దారి నేను చూపిస్తా. ఇక నుంచి గాజు ఇక్కడ డీలరు దగ్గర కొనం. ఫ్యాక్టరీ నుంచే తెచ్చుకుంటాం. వారంలో నాలుగు రాత్రులు చిన్నోడు హైవే ఎక్కుతాడు. మసి కాలుతుంది, డీలరు లాభం మనకి మిగులుతుంది, డీజిలుకి పెట్టింది తిరిగొస్తుంది."

చిన్నోడంటే ఆమె మొగుడే. అతను టీ గ్లాసు అడుగు చూస్తూ నిలబడ్డాడు. తండ్రి మాటకి ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతోనే రాలేదు.

సాయంత్రాలు అతను కోతలో మిగిలిన అద్దం ముక్క ఏదో ఒకటి తెస్తాడు. అంచులు కోసుకోకుండా నూరి, ఒకరోజు గుండ్రంగా, ఒకరోజు చేపలా, ఒకరోజు ఏ ఆకారమో తనకే తెలియకుండా తెస్తాడు. ఇద్దరూ దాన్ని వాళ్ల గది గోడకి అతికిస్తారు. లైటేస్తే గోడంతా చిన్న చిన్న వెలుగులు. ఆ వెలుగుల కింద పడుకుని పొద్దున్నుంచీ జరిగిందంతా చెప్పుకుని కడుపుబ్బా నవ్వుతారు. వారంలో నాలుగు రాత్రులంటే సగం కాపురం కంటే ఎక్కువే పోయినట్టు. తిరుగుడు లెక్క నోరు తెరిచి చెప్పింది తనే. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అంటే ఇదే కాబోలు అనుకుంది.

"ఊళ్లో పనికి పెట్రోలే నయమేమో మామయ్యగారూ," అంది మెల్లిగా.

"నీకు బండి నడపడం వచ్చా?"

"రాదు."

"మరి నయమో కాదో ఎలా తెలిసింది? ఇందాక ఒక లెక్క చెప్పావు, ఇప్పుడొకటి చెబుతున్నావు. నిన్నెవరు ఎగదోశారో నాకు తెలుసు."

పెద్దకొడుకు మీసం కింద నవ్వుకున్నాడు. అంతే, ఆ క్షణం నుంచి ఇంట్లో ఆమె పెట్రోలు జట్టు. ఆమెకి బావగారంటే పెద్ద ఇష్టమూ లేదు. నోరు తెరిస్తే వెటకారం, మూస్తే మూతివిరుపు. ఇప్పుడాయన తన పక్షాన నిలబడ్డందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మాటలు మానేశారు. మానేశారంటే, కోడలి మీదుగా మాట్లాడుకున్నారు. "ఆ పెట్రోలు పెద్దమనిషిని ఉప్పందించమను," అని మామగారు. "లీటరుకెంత ఉప్పు కావాలో అడుగమ్మాయ్," అని బావగారు. ఉప్పు వాళ్లిద్దరి మధ్యనే ఉండేది. మామగారు ముసలి డీజిలు తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగారు. బావగారు పొద్దున్నే స్కూటరు తెచ్చి సరిగ్గా ఆ బండి ముందు అడ్డంగా పెట్టి తాపీగా స్నానానికి వెళ్లేవాడు. ఒకరోజు మామగారు ఆ స్కూటరుని ఎత్తి చెత్తకుండీ పక్కన ఆనించి వచ్చారు. ఆ వయసులో, ఒక్కరే. మర్నాటి దాకా నడుము పట్టుకుని తిరిగారు, నొప్పని మాత్రం అనలేదు.

"ఇద్దరూ కలిసి నా బుర్ర తాగుతున్నారు. దానికి మైలేజీ ఎంతో ఎవరూ చూడరు," అంది అత్తగారు. ఎవరి పక్షమూ కాని మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే.

చివరికి పందెం మామగారే వేశారు. రెండు షోరూముల వాళ్లూ నడిపి చూసుకోమని ఒక రోజుకి బండి ఇస్తున్నారు. రెండూ తెచ్చి, ఫుల్ ట్యాంకు కొట్టించి, సమానంగా లోడెక్కించి, ఒకే దారిన ఊరు చుట్టి ఆస్పత్రికి చేరాలి. సరుకు దింపి వచ్చి మళ్లీ ఫుల్ చేయించాలి. ఎవరి ట్యాంకుకి తక్కువ లీటర్లు పడితే వాళ్ల బండి కొనాలి. డీజిలు మామగారు నడుపుతారు, పెట్రోలు పెద్దోడు. ఇసుక బస్తాలు వేసుకుందామని చిన్నోడు నసిగాడు. దొంగ లోడు మీద నిజం లెక్క రాదని మామగారు కొట్టిపారేశారు. ఆస్పత్రి మొదటి సరుకు ఎలాగూ దింపాలి. పుణ్యమూ పురుషార్థమూ రెండూ. పెద్దోడు కాదంటే భయపడ్డాడంటారని ఊరుకున్నాడు.

ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు కాబట్టి సాక్షులు కూడా తారుమారుగా కూర్చోవాలన్నారు. పెట్రోలు జట్టు కోడలు డీజిలు బండిలో. తండ్రి మాట జవదాటని చిన్నోడు పెట్రోలు బండిలో.

లోడింగు రోజు పొద్దున్న ఒకరినొకరు తిట్టుకుంటూనే పని మాత్రం ఒక్క ప్రాణంలా చేశారు. ఆ చిత్రం కోడలు నోరు తెరుచుకుని చూసింది. గాజుని పడుకోబెడితే చస్తుంది, నిలబెడితే బతుకుతుంది అని వాళ్ల మాట. గుడారంలా వాలుగా ఉన్న చెక్క స్టాండుకి మసక గాజు పలకల్ని నిలువుగా ఆనిస్తారు. మధ్యలో గోనె, కింద రబ్బరు, పైన బెల్టు. మామగారు ఒక అంచు, పెద్దోడు ఒక అంచు పట్టుకుని, ఒక్క మాట లేకుండా, కళ్లు కళ్లు కలపకుండా, ఒకే ఊపిరితో ఎత్తి ఒకే ఊపిరితో దింపారు. దింపగానే మళ్లీ ముఖాలు తిప్పుకున్నారు.

కొత్త డీజిలు బండిలో ఎక్కాక మామగారు కాసేపు మంచి మనిషయ్యారు. స్టీరింగు నిమిరారు. ఇంజను చప్పుడు విని చెవులు నిక్కబొడుచుకుని, "బలం చూశావా, అడక్కుండానే లాగుతోంది," అన్నారు. ఆమె చూసింది. నిజంగానే లాగుతోంది. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది.

ఆయన నడిపే తీరు ఆమెకి తెలుసు. గాజు లోడుతో స్పీడు బ్రేకరెక్కాలంటే నిండు చూలాలిని మెట్లెక్కించినట్టు ఎక్కిస్తారు. వెనక పది బండ్లు హారన్లు కొట్టినా, కిటికీలోంచి తల బయటపెట్టి మీ ఇంటి అద్దమే తీసుకెళ్తున్నా అంటారు. ఆ రోజు మాత్రం ఆయన కళ్లు రోడ్డు మీద లేవు. డాష్‌బోర్డు మీద లీటరుకెంతో చూపించే అంకె ఒకటి వెలుగుతోంది, ఆ అంకె మీదే ఉన్నాయి. అది పెరిగితే మురిసిపోతున్నారు. బ్రేకు తొక్కినప్పుడల్లా తగ్గుతోందని బ్రేకు తొక్కడం మానేశారు. ఏసీ ఆపేశారు. గాలి తగిలి బండి బరువెక్కుతుందని అద్దాలెత్తించారు. ఇద్దరూ ఆవిరి కుండలో కూర్చున్నట్టు చెమటలు కక్కుతున్నారు.

ఊరి చివర దిగుడు వచ్చింది. మామగారు గేరు తీసేసి బండిని దాని మానాన వదిలేశారు. చప్పుడు తగ్గింది, అంకె చకచకా ఎక్కింది. ఆయన ముఖం వెలిగింది. దిగుడు కింద స్పీడు బ్రేకరుంది. ఆమె ముందే చూసింది.

"మామయ్యగారూ, బ్రేకరు."

"తెలుసు."

"బ్రేకు వేయండి."

"వేస్తే ఈ ఊపంతా పోదూ? మళ్లీ ఎత్తుకోవాలంటే ఎంత తాగుతుందో తెలుసా?"

బండి లేచి పడింది. వెనక నుంచి వెంటనే పెద్ద చప్పుడేం రాలేదు. మొదట ఒక్క టిక్కుమన్న చప్పుడు, ఎవరో మెటిక విరుచుకున్నట్టు. తర్వాత బెల్టు సడలి, ఒకదాని మీదొకటి పలకలు కుప్పకూలాయి. ముప్ఫై ఏళ్లుగా ఒక్క పలక కూడా దారిలో పగలగొట్టని మనిషి చేతిలో ఆస్పత్రి మొదటి లోడులో సగం గాజు ముక్కలైంది. డాష్‌బోర్డు మీద అంకె మాత్రం ఆ రోజంతటిలోకీ పెద్దదిగా వెలుగుతోంది.

ఆయన బండి పక్కకి ఆపి, దిగి, సరుకు మీద కప్పిన పట్టా ఎత్తి చూసి, మళ్లీ కప్పేశారు. వచ్చి సీట్లో కూర్చున్నారు. స్టీరింగు పట్టుకుని అడిగారు.

"ఇంట్లో ఏం చెబుతావు?"

ఆమెకి జాలి వేయాల్సింది. వేయలేదు. తన గది గోడ గుర్తొచ్చింది. నాలుగు రాత్రులు గుర్తొచ్చాయి. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదని మనసులో ఏదో చెడ్డ గొంతు చెప్పింది.

"మీరు ఏం చెప్పమంటే అదే చెబుతాను. అడ్డంగా కుక్క వచ్చిందంటాను. మీరు మాత్రం ఆయన్ని రాత్రిళ్లు ఫ్యాక్టరీకి పంపకండి."

మామగారు మెల్లగా తల తిప్పి ఆమెని చూశారు. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆమెని అలా నిండుగా చూడటం అదే మొదలు.

"ఓహో. పెట్రోలు పాట ఇందుకా పాడావు?"

ఆమె చూపు డాష్‌బోర్డు అంకె మీదకి తిప్పుకుంది.

"నా కొడుకు కాపురం నువ్వు నా దగ్గర కొంటున్నావు. బదులుగా నా తప్పు నువ్వు దాస్తావు. బాగుందమ్మా బేరం. ఈ వయసులో కోడలి దగ్గర కుక్కని అరువు తెచ్చుకునే గతి నాకింకా పట్టలేదు."

తిరుగుదారి పొడుగునా ఆయన ప్రతి బ్రేకరునీ చూలాలిని ఎక్కించినట్టే ఎక్కించారు, లోపల ముక్కలు తప్ప ఏమీ లేకపోయినా. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బెదిరించడం చేతకాని పని కాదు, కానీ చేశాక నోరంతా చేదుగా ఉంటుందని ఆమెకి ఆ పూటే తెలిసింది.

సాయంత్రానికి అందరూ కొట్టులో చేరారు. పెట్రోలు బండి సరుకు భద్రంగా దింపి, ట్యాంకు నింపించుకుని ముందే వచ్చింది. మామగారు కూడా అదే బంకులో ట్యాంకు నింపించి, ఇద్దరి లెక్కా అడిగే వచ్చారు. పెద్దోడు కోత బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. అతని బండి బాగానే తాగిందని చిన్నోడి ముఖంలోనే తెలుస్తోంది. అయినా పెద్దోడు ఏదో ట్రాఫిక్ కథ సిద్ధం చేసుకున్నాడు. అది మొదలుపెట్టే లోపే మామగారు డీజిలు బండి పట్టా లాగేశారు.

బండినిండా గాజు ముక్కలు.

"పగలగొట్టింది నేనే," అన్నారు మామగారు. "కుక్కా రాలేదు, నక్కా రాలేదు. ఆ అంకె చూస్తూ బ్రేకరెక్కించాను. ఇప్పుడు రెండో సంగతి. ఈ పిల్ల దారిలో నాకు బేరం పెట్టింది. మొగుణ్ని రాత్రిళ్లు పంపకపోతే నా తప్పు దాస్తానంది."

చిన్నకోడలి ముఖం ఎర్రగా కాలిపోయింది. తన గదిలోని మాట తెచ్చి కోత బల్ల మీద పరిచినట్టయింది. పెద్దోడికి మాత్రం పండగలా ఉంది.

"ముప్ఫై ఏళ్ల పేరు లీటరుకి అమ్మేశారు కదా నాన్నా. పోనీ, డీజిలు ఎంతిచ్చింది? ముక్కలు కూడా లెక్కలో కలిపే చెప్పండి."

"నీకంటే ఐదు కిలోమీటర్లు ఎక్కువే ఇచ్చింది. పోయి బంకులో కనుక్కో."

"ఆ ఐదు కిలోమీటర్లతో ఆస్పత్రికి కిటికీలు పెడతారా?"

మామగారు చెయ్యెత్తారు. అత్తగారు ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ఎత్తిన చెయ్యి దిగింది, పెద్దోడి నోరు మాత్రం ఆగలేదు. డీజిలు పోయింది, పరువు పోయింది, ఇంకేం మిగిలిందంటూ ఏకరువు పెట్టాడు. అప్పుడు, ఎప్పుడూ గొంతెత్తని చిన్నోడు గాజు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, దాన్ని చూస్తూ అన్నాడు.

"నన్ను పంపే సంగతి నన్నెవరూ అడగలేదు నాన్నా. తనే అడిగింది. అడిగిన తీరు బాలేదు. అయినా అడిగింది తనే."

అంత పెద్ద మాట అతని నోట ఎవరూ విని ఎరుగరు. పెద్దోడు కూడా ఆగిపోయాడు. చిన్నకోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంత గొడవలోనూ, ఇంత సిగ్గులోనూ, ఆ పూట ఆ ఒక్క మాట చాలనిపించింది.

చాలదని మామగారి ముఖం చెప్పింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. డీలరు దగ్గర మసక గాజు ఇక లేదు, ఫ్యాక్టరీలోనే ఉంది. ఆస్పత్రి వాళ్లు ఆగరు. ఎవరో ఒకరు వెళ్లి తేవాలి.

"వాణ్ని పంపను," అన్నారు ఎవరినీ చూడకుండా. "పగలగొట్టిన వాడే తెచ్చుకోవాలి. రేపు మన ముసలి బండిలో నేనే వెళ్తా. రాత్రంతా నడిపి ఎల్లుండికి సరుకు దింపుతా." తర్వాత కోడలి వైపు తిరిగారు. గొంతులో మెత్తదనం లేశమైనా లేదు. "నువ్వూ వస్తున్నావు."

"అదేంటండీ," అంది అత్తగారు.

"రానీ. ఆ దారెలా ఉంటుందో, రాత్రి చక్రం పట్టినవాడి బతుకెలా ఉంటుందో కూర్చుని చూడనీ. బేరాలు కాదు, కళ్లారా చూసి చెప్పాలి. చూశాక కూడా వాడు వెళ్లకూడదంటే ఇక అడగను. దూరం తిరగని బండికి డీజిలు దండగ, ఆ ముక్క ఈవిడే చెప్పింది. అప్పుడు పెట్రోలుదే కొంటాం. వీడు ఎగిరి గంతేసుకోవచ్చు."

పెద్దోడు ఎగరలేదు. తన గెలుపు మరదలి నోట్లో ఉందని తెలిసి, దాన్ని మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను వద్దన్నట్టు తలూపుతున్నాడు. మొగుణ్ని రాత్రిళ్లు ఇంట్లో ఉంచుకోవడం కోసం రేపు రాత్రి తను రోడ్డు మీద ఉండాలి. అదీ తనని చూస్తేనే మండిపడుతున్న మామగారి పక్కన, స్ప్రింగులు పొడుచుకొచ్చిన సీటు మీద. ఈ సంగతి తనకి కాక ఇంకెవరికైనా జరిగుంటే ఈ రాత్రి ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు.

"ఎన్నింటికి బయల్దేరాలి మామయ్యగారూ?"

"చీకటి పడగానే. దారిలో కబుర్లు మాత్రం వద్దు," అన్నారు ఆయన లేస్తూ. "ఆ బండి చప్పుడులో నాకేమీ వినపడదు."